కండువా మార్చిన కొండలు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. "అమెరికాలో ఆ పల్లెటూళ్ల తెల్ల కూలీలు డబ్బున్నోళ్ల పార్టీకి, ఆ రిపబ్లికన్లకి ఎందుకు గుద్దుతున్నార్రా?" అని అడిగావు కదా, నేనుండేది ఆ గొడవ నడిమధ్యలోనే.

మా రాష్ట్రం వెస్ట్ వర్జీనియా అంటే బొగ్గు. కొత్తగూడెం క్వార్టర్స్‌లో పెరిగినవాడివి, యూనియన్ ఎంత బలమో నీకు నేను చెప్పాలా! 1921లో బ్లెయిర్ కొండ మీద ఇక్కడి కార్మికులు దాదాపు 10 వేల మంది, మెడలో ఎర్రగుడ్డ కట్టుకుని, తుపాకులు పట్టుకుని యాజమాన్యం మనుషులతో యుద్ధమే చేశారు. తర్వాత డెమొక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ యూనియన్లకు చట్టబద్ధత ఇచ్చాడు. ఇక ఇంటిల్లిపాదీ డెమొక్రాట్లే. 1932 నుంచి 1996 దాకా ఈ రాష్ట్రం రిపబ్లికన్లకి పడింది మూడుసార్లే.

మరి ఏమైంది? యంత్రాలొచ్చాయి, తర్వాత చౌక గ్యాసొచ్చింది. 1950లో లక్ష దాటిన బొగ్గు ఉద్యోగాలు 2016కి 20 వేలు కూడా లేవు. పనితోపాటు యూనియనూ పోయింది. పార్టీని ఇంటింటికీ మోసింది ఆ యూనియనేరా, అది పోయాక పట్టి ఉంచేదేముంది? తుపాకులు, చర్చి గొడవలు పైకొచ్చాయి. ఒంటి రంగు మాటా దాచను. 2012 డెమొక్రాట్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఒబామా మీద టెక్సస్ జైల్లో ఉన్న ఖైదీ ఒకడు నిలబడితే, ఇక్కడ వాడికి నూటికి 40కి పైగా ఓట్లు పడ్డాయి!

2016లో డెమొక్రాట్ల తరఫున అధ్యక్ష పదవికి పోటీపడ్డ హిల్లరీ బొగ్గు గనుల వాళ్ల పని మూతపడుతుందనేసింది. వాళ్లని మర్చిపోకూడదని కూడా ఆ వెంటనే అంది గానీ, అది ఎవరి చెవికెక్కుతుంది? ఆ మేలో ఆమె మీద నిలబడ్డ సోషలిస్టు సాండర్స్ డెమొక్రాట్ ప్రైమరీలో ఇక్కడి 55 కౌంటీలూ (మన జిల్లాల్లాంటివి) గెలిచాడు, నవంబర్ అసలు ఎన్నికలో రిపబ్లికన్ ట్రంప్ అవే 55 గెలిచాడు. దాన్ని సిద్ధాంతం అంటావా, కోపం అంటావా? మరుసటేడు డెమొక్రాట్‌గా గెలిచిన మా గవర్నర్ జిమ్ జస్టిస్ ట్రంప్ సభలోనే కండువా మార్చేశాడు. మన ఎమ్మెల్యేలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. కాకపోతే ఇక్కడ జనమే ముందు మార్చారు, నాయకుడు వెనకాల వచ్చాడు.

మా పక్కింటి ముసలాయన గనిలో చేసి రిటైరయ్యాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, నెత్తిన యూనియన్ టోపీ, వాకిట్లో ట్రంప్ బోర్డు. దుమ్ముపట్టిన ఊపిరితిత్తులకి నెలనెలా చెక్కు వస్తుంది. అలాంటివాళ్లకి ఆ చెక్కు సులువు చేసింది 2010 నాటి ఒబామా ఆరోగ్య చట్టమే. ఒకసారి ఆ మాటే అన్నాను. "అందులో ఆ ముక్క పెట్టించింది మా సెనేటర్ బర్డ్, ఒబామా కాదు" అన్నాడు, దగ్గుతూనే. నిజమే, పెట్టించింది బర్డే.

పండక్కి కొత్తగూడెం వెళ్తే అక్కడి గుర్తింపు సంఘం కబుర్లు రాయి.

నీ
రమణ