ముసలి కుక్క తినకపోతే ‘వయసు’ అని వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పెంపుడు జంతువుల శీర్షికలో ఒకాయన అడిగిన ప్రశ్న చదివాను. 12 ఏళ్ళ కుక్క, వారం రోజులుగా సరిగ్గా తినట్లేదు, ఏం చేయాలి అని. దానికి మీరు వేసిన జవాబు మొత్తం రెండు లైన్లు: వయసు మీద పడ్డాక ఆకలి తగ్గడం మామూలే, ఇష్టమైనవి మార్చి మార్చి పెట్టి చూడండి. అంతే. చదవగానే కోపం వచ్చింది, అయితే నిజం చెప్పాలంటే మీ మీద కన్నా నా మీదే ఎక్కువ వచ్చింది, ఎందుకంటే రెండేళ్ళ క్రితం మా కుక్క గుండు తిండి గిన్నె ముట్టడం మానేసినప్పుడు అచ్చం ఇదే మాట నాకు నేను చెప్పుకుని మూడు వారాలు పాడు చేశాను.

అప్పటికి వాడికి 13 ఏళ్ళు. గిన్నె చప్పుడు వినగానే లేచి వచ్చేవాడు, తోక ఊపేవాడు, వాసన చూసేవాడు, కాస్త నోట్లోకి తీసుకుని మళ్ళీ కింద పడేసి నా మొహంలోకి చూసేవాడు. నేను దాన్ని గారం అనుకున్నాను. రోజుకో కొత్త రకం పెట్టాను. మొదటి పూట కొంచెం నాకేవాడు, రెండో పూటకి మళ్ళీ మామూలే. "ముసలాడైపోయాడు కదే, నాకు మాత్రం ఇదివరకటిలా ఆకలేస్తోందా" అనేది మా అమ్మ, అదీ సబబుగానే తోచింది. ఒకరోజు పొద్దున చూస్తే కుడి కన్ను కింద వాపు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన వాడి పెదవి పైకెత్తి చూపించారు: పై దవడలో మాంసం కోసే పెద్ద పన్ను చీలిపోయి ఉంది, దాని వేరు దగ్గర చీము. ఆ పంటి వేర్లు దాదాపు కంటి కిందదాకా ఉంటాయట, అందుకే పన్ను పాడైతే వాపు కంటి కింద తేలుతుంది. అంటే ఆ మూడు వారాలూ వాడికి ఆకలి ఉంది. తినబోతే నొప్పి. నేనేమో మెనూ మారుస్తూ కూర్చున్నాను.

ఆ రోజు డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నే మీ జవాబులో ఉండాల్సింది: "దానికి తినాలని లేదా, తినాలని ఉండీ తినలేకపోతోందా?" ఈ తేడా ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది, డాక్టరు గదిలో భయంతో బిగుసుకుపోయిన కుక్కని చూసి ఎవరూ చెప్పలేరు. గిన్నె దగ్గరికి ఉత్సాహంగా వచ్చి, నోట్లో పెట్టుకుని వదిలేస్తోందంటే, ఒక పక్కతోనే నములుతోందంటే, గట్టివి మానేసి మెత్తనివి మాత్రమే తింటోందంటే, నోరు కంపు కొడుతోందంటే ముందు నోరు చూపించాలి. అసలు గిన్నె దాకా వచ్చి మొహం పక్కకి తిప్పుకుంటోందంటే, ఊరికే పెదవులు నాక్కుంటూ చొల్లు మింగుతోందంటే, గడ్డి పీక్కుని తింటోందంటే అది చాలావరకు వికారం. కడుపులో తిప్పుతున్నప్పుడు ఎంత ఇష్టమైనది పెట్టినా దండగే, పైగా ఆ వాసనకీ ఆ బాధకీ ముడి పడిపోయి తర్వాత తగ్గాక కూడా దాన్ని ముట్టదు. "మార్చి మార్చి పెట్టండి" అన్న సలహాతో నా గొడవ ఇదే. వారంలో ఐదు రకాలు పెట్టి ఐదింటినీ అసహ్యించుకునేలా చేయొచ్చు.

ఇక మూడో రకం, ఆకలి ఉంటుంది, నోరు బాగుంటుంది, గిన్నె దాకా రావడమే కష్టం. కీళ్ళనొప్పులున్న కుక్కకి నున్నటి గచ్చు మీద కాళ్ళు జారుతుంటే మెడ వంచి నిలబడి తినడం ఎంత పెద్ద పనో ఆలోచించండి. గిన్నె కింద జారని చాప ఒకటి వేసి, గిన్నెని కాస్త ఎత్తులో పెడితే చాలు, కొన్ని కుక్కలు ఆ పూటే తింటాయి. (లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతి కుక్కలకి మాత్రం ఎత్తు గిన్నె పెట్టేముందు డాక్టరుని అడగండి, కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం వాటికి ఎక్కువ.) చూపు తగ్గినవి, మతిమరుపు వచ్చినవి ఉంటాయి, కుక్కలకీ వస్తుంది అది, రాత్రంతా తిరుగుతూ గోడవైపు చూస్తూ నిలబడతాయి. వాటికి గిన్నె ఎప్పుడూ ఒకే చోట ఉండాలి, పక్కన మిగతా కుక్కల పోటీ ఉండకూడదు.

గుండుకి పన్ను తీసేముందు మత్తు ఇవ్వాలి కాబట్టి రక్తపరీక్ష చేశారు, అందులో కిడ్నీలు కూడా కొంచెం దెబ్బతిన్నాయని తేలింది. పన్ను నొప్పి లేకపోతే అది కూడా తెలిసేది కాదు. నీళ్ళు ఎక్కువ తాగడం, ఉచ్చ ఎక్కువ పోయడం నేను చూశాను, వేడికేమో అనుకున్నాను. ముసలి కుక్కల్లో ఆకలి పోవడానికి కిడ్నీలు చాలా సాధారణ కారణం, రక్తంలో చెడు పదార్థాలు పేరుకుని వికారం పుడుతుంది. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏంటంటే, అందరూ అడిగే క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) రక్తంలో పెరిగేసరికే కిడ్నీల పనిలో దాదాపు 75 శాతం పోయి ఉంటుంది, ఎస్‌డీఎంఏ అనే మరో రక్తపరీక్ష అంతకన్నా ముందు పట్టిస్తుంది. కాబట్టి "పోయినేడు పరీక్షలో బాగానే ఉంది" అని ధీమాగా ఉండకూడదు. లివర్, పాంక్రియాస్, గుండె, క్యాన్సర్ ఇవన్నీ ఆకలినే ముందు దెబ్బకొట్టగలవు. కొన్నిసార్లు మనం వేస్తున్న మందే కారణం. కీళ్ళనొప్పుల మాత్రలు వాడుతున్న కుక్క తినడం మానేస్తే తర్వాతి మాత్ర వేయకుండా ముందు డాక్టరుకి ఫోన్ చేయండి, కడుపులో పుండు పడుతూ ఉండొచ్చు.

ఇంట్లో చేయగలిగింది లేదని కాదు. కుక్క నాలుక మీద రుచి మొగ్గలు సుమారు 1,700, మనకి 9,000 దాకా, అంటే దానికి తిండి అంటే ముందు వాసనే, ముసలితనంలో ముక్కు మందగిస్తే తిండి కూడా చప్పబడిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి తిండిలో వాసన ఏముంటుంది? దాని ఒంటి వేడి దాకా, అంటే 38 డిగ్రీల దగ్గరికి, గోరువెచ్చగా చేసి పెట్టండి, మైక్రోవేవ్‌లో చేస్తే బాగా కలపండి, మధ్యలో ఎక్కడో నిప్పులా ఉంటుంది. రోజుకి రెండుసార్లు నిండా పెట్టే బదులు నాలుగైదుసార్లు కొంచెం కొంచెం. లోతు గిన్నె బదులు వెడల్పు పళ్ళెం. మా వాడు ఇప్పటికీ మొదటి నాలుగు ముద్దలు చేతిలోంచే తింటాడు, ఇది అలవాటు చేయొద్దని అందరూ అంటారు, 15 ఏళ్ళవాడికి కొత్తగా పాడయ్యే అలవాట్లేముంటాయి చెప్పండి. తినకపోతే పావుగంటకి తీసేయండి, ఎదురుగా రోజంతా ఉంచితే వికారం ఇంకా పెరుగుతుంది. మాత్రని అన్నం గిన్నెలో దాచకండి, ఒక్కసారి చేదు తగిలిందంటే గిన్నె మీద నమ్మకం పోతుంది, విడిగా చిన్న ముద్దలో ఇవ్వండి.

సిరంజితో బలవంతంగా నోట్లోకి కొట్టడం మాత్రం వద్దు. నేనూ ఒకసారి ప్రయత్నించాను, వాడు పొలమారి దగ్గితే నా గుండె ఆగినంత పనైంది. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. రుచి కోసం ఉల్లి, వెల్లుల్లి తగిలిన పులుసులు, మాంసం రసాలు పోయకండి, అవి కుక్క ఎర్ర రక్తకణాలని చంపుతాయి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి) ఉన్న పదార్థాలు కూడా విషమే. మన ఐబూప్రొఫెన్, పారాసెటమాల్ డాక్టరుని అడగకుండా అసలే వద్దు.

మందులు లేకపోలేదు. వికారానికి మారోపిటాంట్ ఉంది, ఆకలి పుట్టించడానికి కాప్రోమొరెలిన్ అనే మందుని కుక్కల కోసమే అమెరికాలో 2016లో అనుమతించారు. కానీ పన్ను కింద చీము పెట్టుకుని ఆకలి మందు పోస్తే ఏం లాభం, ఆకలి పెరిగి నొప్పీ అలాగే ఉంటే అది ఇంకా పెద్ద శిక్ష. కారణం తెలిశాకే.

"లంఖణం పరమౌషధం" అంటారు, ముసలి కుక్కకి కాదు. ఒక రోజు పూర్తిగా తినకపోతే డాక్టరుకి చూపించాల్సిందే. షుగరు ఉన్న కుక్క ఒక్క పూట మానేసినా ఇన్సులిన్ వేసేముందు అడగాలి. పొట్ట ఉబ్బి, డోకు వస్తూ ఏమీ బయటికి రాకపోయినా, చిగుళ్ళు తెల్లబోయినా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకొచ్చిన కొన్ని వారాలకి తిండి మానేసి నీళ్ళు తెగ తాగుతున్నా గంటలు లెక్కపెట్టకుండా తీసుకెళ్ళాలి, చివరిది గర్భసంచిలో చీము కావచ్చు. బరువు మాత్రం నెలకోసారి చూసుకోండి, కుక్కని ఎత్తుకుని తూకం ఎక్కి మన బరువు తీసేస్తే సరిపోతుంది. బొచ్చు ఎక్కువున్న కుక్క ఎంత చిక్కిపోయినా కంటికి ఆనదు, గుండు రెండు కిలోలు తగ్గిన సంగతి నేను క్లినిక్‌లో తూకం మీద చూశాకే నమ్మాను.

ఎంత చేసినా తినని రోజు వస్తుంది, అదీ తెలుసు నాకు. దానికీ ఒక లెక్క ఉంది. అలిస్ విలలోబోస్ అనే పశువైద్యురాలు తయారుచేసిన కొలమానంలో నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నవి ఏడు, ఒక్కోదానికి పది మార్కులు. మొత్తం 35 దాటితే ఇంకా ప్రయత్నించొచ్చని అర్థం. ఆ కాగితం మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. గుండుకి మొన్న 52 వచ్చాయి, నడకలో బాగా కోసేశాను.

ఆ ప్రశ్న అడిగినాయన మీ జవాబు చదివి ఇప్పటికి రకరకాలు వండి పెడుతూ ఉంటారు. వారం రోజులంటే ఇప్పటికే ఎక్కువ. ఈ ఉత్తరం మొత్తం వేయకపోయినా పర్వాలేదు, "ముందు నోరు చూపించండి, రక్తపరీక్ష చేయించండి" అన్న ఒక్క లైను మాత్రం వచ్చే ఆదివారం అదే శీర్షికలో, మొన్నటి జవాబు ఎంత పెద్ద అక్షరాల్లో వేశారో అంతే పెద్దగా వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు