తాళంచెవి ఇంకెవరి దగ్గరైనా ఉందా?

చిరంజీవి పద్మకు,

అమ్మ ఆశీస్సులతో రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలు మునుపటికంటే నయం, మెట్లు ఎక్కవద్దంటే మాత్రం వినరు. రాజు గదికి రంగులు వేయించాం. నీ పుస్తకాల పెట్టె అటక మీదే ఉంది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నువ్వు కళ్లజోడు మార్పించుకున్నావా? తలనొప్పి అన్నావు కదా. ఈ మధ్య ఫోను తీయడం లేదు, పని ఎక్కువై ఉంటుందని సరిపెట్టుకున్నాను. సరోజ పిన్ని ఏదో చెప్పింది గానీ, ఆ సంగతి తరవాత రాద్దామనుకున్నాను. ఆగలేకపోతున్నాను.

పసిబిడ్డ తల్లిని ఒకమ్మాయిని నువ్వు మళ్లీ బడిలో కూర్చోబెట్టావట. గిట్టనివాళ్లు నీ మీద ఫిర్యాదు రాసిచ్చారట. ఆ బిడ్డను నువ్వే స్టాఫ్ రూములో ఎత్తుకుని తిరుగుతున్నావట. పిన్ని మాటల్లో సగం తీసేసినా మిగతా సగం నిజమే అయి ఉంటుంది, నిన్ను నేనెరుగుదును. నాకు కోపం లేదమ్మా, చాలా సంతోషించాను. బిడ్డను నువ్వే ఎత్తుకుంటున్నావన్న ముక్క దగ్గరే నా మనసు ఆగిపోయింది.

మామయ్య వాళ్లు కొత్త ఇంట్లోకి మారారు. నిన్ను రమ్మన్నారు, వీలు చూసుకో.

శాంత సంగతి నీకు సగమే తెలుసు. నేను టీకాల గదిలో పనిచేసే రోజుల్లో ఆరో వారం టీకాకి బిడ్డను తెచ్చింది. చేతిలో బిడ్డ, సంచిలో లెక్కల పుస్తకం. వరసలో నిలబడే లెక్క చేసుకుంటోంది. బడివాళ్లు రానిచ్చారని సంబరంగా చెప్పింది. పదో వారానికి వచ్చినప్పుడు సంచిలో పుస్తకం లేదు. ఏమైందంటే తల దించుకుంది. విడిగా కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పింది. మూడో పీరియడు అయ్యేసరికి పాలు చేపుకొచ్చి యూనిఫారం తడిసిపోయేదట. పుస్తకాల సంచిని గుండెలకు అదుముకుని సాయంత్రం దాకా అలాగే కూర్చునేది. టీచరు బోర్డు దగ్గరికి పిలిస్తే లేచేది కాదు. పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది, నాలుగు రోజులు మానింది, తరవాత వెళ్లడానికి ముఖం చెల్లలేదు. రిజిస్టరులో ఏమని రాశారో తెలుసా? 'చదువుపై ఆసక్తి లేదు' అని! వరసలో నిలబడి లెక్కలు చేసుకునే పిల్లకు!

నేనే వెళ్లి వాళ్ల హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడాను. ఆవిడ మంచి మనిషి. ఎవరూ చెప్పక తెలియలేదంతే. సామాన్ల గది ఖాళీ చేయించి, ఒక కుర్చీ, తలుపుకు తెర, చేతులు కడుక్కోవడానికి నీళ్లు ఏర్పాటు చేశారు. ఇంటర్వెల్‌కి శాంత అమ్మమ్మ బిడ్డను తెచ్చేది, ఆవిడకు ఒంట్లో బాగోని రోజున పిల్ల పాలు పిండుకునేది. బిడ్డకు జలుబు చేసి మానిన రోజుల్లో పక్కబెంచీ అమ్మాయి కార్బన్ కాగితం పెట్టి నోట్సు రెండు ప్రతులు రాసి పంపేది. పద్నాలుగో వారం టీకా సరిగ్గా పరీక్ష రోజున పడితే నేను ముందుగానే మాట్లాడి మరో రోజుకు మార్పించాను. శాంత ఆ ఏడు పాసైంది. మరుసటి ఏడాది హెడ్మిస్ట్రెస్‌కి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన ఆ గదిలో మళ్లీ బల్లలు వేయించాడు. ఆవిడ మాట మీద నడిచిన ఏర్పాటే తప్ప కాగితం మీద ఒక్క ముక్క లేదు. శాంత వెనకే మరో పిల్ల వచ్చింది, ఆ పిల్ల నిలవలేకపోయింది.

అందుకే చెబుతున్నాను. నీకూ రేపో మాపో బదిలీ అవుతుంది, జ్వరమూ రావచ్చు. ఆ వేళ బిడ్డను ఎవరు పట్టుకుంటారు? బిడ్డను ఉంచే గది తాళంచెవి ఇంకెవరి దగ్గరైనా ఉందా? ఈ ఏర్పాటంతా స్టాఫ్ మీటింగులో పెట్టించి, ఎవరు ఏం చూసుకోవాలో పేర్లతో సహా రాయించు. సంతకం హెడ్మాస్టరుది ఉండాలి, నీది కాదు.

మిగతా పిల్లలు చెడిపోతారని అంటున్నారట. సియెర్రా లియోన్‌లోనూ అదే మాట చెప్పి గర్భిణులైన విద్యార్థినులను 2015లో బడికి రానివ్వలేదు. పశ్చిమాఫ్రికా దేశాల కూటమి న్యాయస్థానం 2019లో అది వివక్షేనని తేల్చింది, మరుసటి ఏడాది నిషేధం ఎత్తేశారు. జమైకాలోనైతే 1978 నుంచే ఇలాంటి పిల్లలకు విడిగా కేంద్రాలున్నాయి. కడుపుతో ఉన్నప్పుడు అక్కడ పాఠాలు చెప్పి, కాన్పయ్యాక మళ్లీ మామూలు బడికి పంపుతారు. నాన్నగారు ఇవన్నీ నీ కోసం ఒక కాగితం మీద రాశారు, ఇందులోనే పెడుతున్నాను. వాదన పెట్టుకోకు, కాగితం చేతికిచ్చి ఊరుకో. నీకు కోపం వస్తే గొంతు పెరుగుతుంది.

ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలే. పిండిన పాలు చల్లని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటాయి. గది వేడిగా ఉంటే ఆ నాలుగు గంటలు నమ్మవద్దు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టించు. డబ్బా మీద పిండిన వేళ రాయాలి. ఆ పిల్లకు రక్తం ఎంత ఉందో పరీక్ష చేయించారా? క్లాసులో తూలుతుంటే బద్ధకం అనుకోవద్దని మిగతా టీచర్లకు చెప్పు. ఊరికే ఏడుస్తున్నా, బిడ్డను చూడబుద్ధి కావడం లేదన్నా డాక్టరు దగ్గరికి పంపించు, మందలించి ఊరుకునే విషయం కాదు. మళ్లీ గర్భానికి కనీసం రెండేళ్లు ఎడం ఉండాలని నర్సు చేత చెప్పించు. మొదటి కాన్పు తరవాత ఎలాగో నిలదొక్కుకున్న వాళ్లు రెండోదానితో బడి మానేయడం చాలా చూశాను. పాఠం చెప్పినట్టు రాస్తున్నానని విసుక్కోకు.

ఫిర్యాదు మీద నిన్ను విచారణకు పిలిచారా? పిలిస్తే ఒంటరిగా వెళ్లకు, నాన్నగారు వస్తామంటున్నారు. నువ్వు వేళకు తిను, రాత్రిళ్లు పేపర్లు దిద్దుతూ కూర్చోకు. ఫోను తీరిక లేకపోతే రెండు ముక్కలు రాసి పడెయ్యి: ఫిర్యాదు సంగతి ఏమైందో, బిడ్డకు ఎన్నో వారం నడుస్తోందో, పరీక్షలు ఎప్పుడో. టీకా తేదీ పరీక్షలకు అడ్డు వస్తుందేమో నేను లెక్క చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
అమ్మ