ఆఖరి బస్సు ఎన్నింటికి?

సంపాదకుడు గారికి నమస్కారం.

అడ్మిషన్ల రోజులు వస్తే మీ పత్రిక బడుల మీద ప్రత్యేక పేజీలు వేస్తుంది. ఈసారీ వేశారు. పెన్సిల్ పట్టుకుని కూర్చుని మొత్తం చదివాను, పాత అలవాటు పోలేదు. ఒక్క స్కూలూ మినహాయింపు లేకుండా ‘సర్వతోముఖాభివృద్ధి’ అని రాసుకుంది. దాని కింద ఈత, చెస్, రోబోటిక్స్, సంగీతం, కోడింగ్, గుర్రపుస్వారీ. ఒకళ్ళయితే నలభైకి పైగా యాక్టివిటీలున్నాయని లెక్క కూడా చెప్పారు. పిల్లలు బడిలో ఉండేది ఆరేడు గంటలు. అందులో చదువు పోను, భోజనం పోను ఈ నలభై ఎక్కడ ఇరుకుతాయో ఎవరూ రాయలేదు, మీ విలేకరీ అడగలేదు.

నేను ఇరవై ఏడేళ్ళు ఒక డే స్కూల్లో క్లాస్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ప్రభుత్వ నిధులు లేకుండా ఫీజుల మీద, సొంత పాలకవర్గంతో నడిచే బడి. కాబట్టి ఆ ప్రకటనల భాష నాకు కొత్త కాదు. నిజం చెప్పాలంటే అలాంటి వాక్యాలు కొన్ని నేనూ రాసిచ్చాను. నా అభ్యంతరం ఒక్కటే. పిల్లల ఎదుగుదల యాక్టివిటీల సంఖ్యలో లేదు. వాళ్ళకి ఖాళీ సమయం ఎంత మిగిల్చాం, ఆ ఖాళీలో ఒకళ్ళతో ఒకళ్ళకి పని ఎంత పడింది అన్న దాంట్లో ఉంది. డే స్కూల్లో ఆ ఖాళీని మింగేది సిలబస్ కన్నా ముందు బస్సు.

ఒకసారి వార్షికోత్సవానికి మా క్లాసు చేత నాటకం వేయిస్తున్నాను. రిహార్సల్ అంటే బడి వదిలాకే. మొదటిరోజు ముప్పై మందిలో పదకొండు మంది మిగిలారు. మిగతావాళ్ళంతా బస్సు పిల్లలు. “బస్సు వెళ్ళిపోతుంది టీచర్” అని బ్యాగులు తగిలించుకుని పరుగు. పోనీ ఉన్నవాళ్ళతో కానిచ్చేద్దామనుకున్నాను, చాలామంది అదే చేస్తారు. అంటే దగ్గర్లో ఇల్లున్నవాళ్ళు, కారులో తీసుకెళ్ళేవాళ్ళున్నవాళ్ళు ఏటా నటులవుతారు, బస్సు పిల్లలు ఏటా ప్రేక్షకులవుతారు. అలా చేయడానికి మనసొప్పక రిహార్సల్‌ని భోజనం తరవాత విరామంలోకి మార్చాను.

అప్పుడు బయటపడ్డాడు ఒక అబ్బాయి. నా రిజిస్టర్ ప్రకారం అన్ని సబ్జెక్టుల్లోనూ అంతంతమాత్రం. వేషం అడగలేదు, తెర తాడు పట్టుకుంటానన్నాడు. సరేనన్నాను. నాటకం రోజు ఒక చిన్న పిల్ల రంగస్థలం మధ్యలో మాట మర్చిపోయి నిలబడిపోయింది. నేను పక్కనుంచి కాగితం వెతుక్కుంటున్నాను. ఈలోగా తెర వెనక నుంచి ఆ వాక్యం నెమ్మదిగా వినబడింది, ఆ పిల్ల అందుకుంది. తరవాత అడిగితే తెలిసింది, అందరి డైలాగులూ మొదటినుంచి చివరిదాకా వాడికి నోటికొచ్చు. ఏ రిహార్సల్‌లో ఎవరు ఎక్కడ తడబడ్డారో కూడా గుర్తుంది. తాడు పట్టుకున్న అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. రెండేళ్ళుగా నా క్లాసులో ఉన్న పిల్లవాడు! పద్యం అప్పచెప్పమంటే రెండో పాదం దగ్గర ఆగిపోయేవాడని అప్పటిదాకా నాకు వాడి గురించి తెలిసిందంతా అదే.

ఇది చెప్పి, చూశారా నాటకం ఎంత మంచిదో అనడం లేదు. నలభై యాక్టివిటీల జాబితాలో నాటకం ఎలాగూ ఉంటుంది. తెర తాడు పని ఉండదు. వాడు లేకపోతే నాటకం ఆగిపోయేది అన్న పరిస్థితి ఏ బ్రోచర్లోనూ దొరకదు. హాబీ క్లాసుకి ఒకరు రాకపోతే ఏమీ కాదు, మాస్టారు హాజరు పట్టీలో గుర్తు పెట్టుకుని పాఠం మొదలుపెడతారు.

ఒకళ్ళు లేకపోతే పని ఆగిపోయేలా చేయడం అన్న ఈ సంగతి సుమారు నూట పాతికేళ్ళ కిందటే చేసి చూపించారు. 1896లో అమెరికన్ తత్వవేత్త, విద్యావేత్త జాన్ డ్యూయీ షికాగో విశ్వవిద్యాలయంలో పెట్టిన ప్రయోగశాల పాఠశాల ప్రైవేటు డే స్కూలే, ఇప్పటికీ నడుస్తోంది. అక్కడి పెద్ద తరగతి పిల్లలకి ఒక చర్చా సంఘం ఉండేది, కూర్చోవడానికి మాత్రం సొంత చోటు లేదు. దాంతో ఒక చిన్న క్లబ్‌హౌస్ తామే కట్టుకోవాలని నిశ్చయించుకుని ప్లాన్లు గీశారు. మొదలుపెట్టాక తెలిసింది, తమ ఒక్కరి వల్ల కాదని. చిన్న తరగతులవాళ్ళని కూడా కలుపుకోవాల్సి వచ్చింది. లెక్కలు, వడ్రంగం, చరిత్ర అన్నీ అందులోకి వచ్చాయి, అది సరే. నాకు నచ్చింది ఆ ‘కలుపుకోవాల్సి రావడం’. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళతో కలవాలని అసెంబ్లీలో ఉపన్యాసం ఇస్తే ఎవరూ కలవరు. పని పెద్దదై, చేతులు చాలకపోతే కలుస్తారు.

డే స్కూలు వాళ్ళు ఒక మాట అంటుంటారు: “హాస్టలు లేదు కదండీ, సాయంత్రానికి వెళ్ళిపోయే పిల్లలతో కమ్యూనిటీ ఎక్కడ వస్తుంది?” ఈ మాటకి కూడా పాత జవాబుంది. 1897లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆన్ గాల్‌బ్రైత్ కారీ అనే తల్లి, కొడుకుని దూరంగా బోర్డింగ్ స్కూలుకి పంపడం ఇష్టంలేక, ఊళ్ళోనే ఒక బడి పెట్టించింది. ఇవాళ దాని పేరు గిల్మన్ స్కూల్. బోర్డింగ్ బడిలో ఉండే ఆటలూ, మైదానాలూ, పిల్లలూ మాస్టర్లూ కలిసి గడిపే సాయంత్రాలూ ఇక్కడా ఉండాలి, రాత్రికి మాత్రం పిల్లవాడు ఇంటికి రావాలి అన్నది ఆలోచన. ‘కంట్రీ డే స్కూల్’ అన్న పద్ధతి అమెరికాలో అలా మొదలైంది. ఇంటికి రావడం లోటు అని ఆవిడ అనుకోలేదు, బడి పెట్టిందే దానికోసం.

నేనూ అంతే అనుకుంటాను. సమగ్ర విద్య అంటే పిల్లవాడు మొత్తంగా బడికి దఖలు పడటం కాదు. కొంత భాగం ఇంటిది, కొంత వీధిది, కొంత వాడి సొంతం. హాబీ క్లాసులన్నీ అయ్యాక చీకటి పడి ఇల్లు చేరే పిల్లలని చూస్తుంటే, వీళ్ళని గోడకేసి బంతి కొట్టుకోనిచ్చేదెవరు అనిపిస్తుంది.

ఈ ‘సమగ్ర’ అన్న మాటకి ఇంగ్లీషులో వాడే ‘హోలిస్టిక్’ వెనకున్న ‘హోలిజం’ అన్న పదాన్ని 1926లో పుట్టించినవాడు దక్షిణాఫ్రికా నాయకుడు యాన్ స్మట్స్. భాగాలని కూడితే వచ్చేదాని కన్నా మొత్తం ఎక్కువ అన్నది సారాంశం. అదే మనిషి తన దేశంలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ విడివిడిగా ఉండాలన్న విధానాన్ని సమర్థించాడు. ఫీజు కట్టగలిగినవాళ్ళ పిల్లలే కూర్చునే మా బళ్ళలో ‘కమ్యూనిటీ’ అన్న మాట వినబడినప్పుడల్లా నాకీ సంగతి గుర్తొస్తుంటుంది. స్కాలర్‌షిప్పులున్నాయి, కాదనను. ఆ పిల్లలు సాయంత్రం దేనికైనా ఆగగలుగుతున్నారా అని చూస్తే మళ్ళీ బస్సు దగ్గరికే వస్తాం.

ఇప్పుడు కొత్తగా ఇంకోటి మొదలైంది, మార్కులు. సహకారం ‘ఎ’, సానుభూతి ‘బి ప్లస్’. సేవ చేసిన గంటలకి కాగితం మీద సంతకం. నేను రిటైరయ్యే ముందు సంవత్సరం, మెట్ల మీద పడిన చిన్నవాణ్ణి లేపి కూర్చోబెట్టి బూటు లేసు కట్టిన ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, “టీచర్, ఇది సర్వీస్ అవర్స్‌లోకి వస్తుందా?” అని అడిగింది. ఆ పిల్లని ఏమీ అనలేదు. ఆ ఫారం తయారుచేసిన కమిటీలో నేనూ ఉన్నాను.

నా తప్పు ఇంకొకటి కూడా చెప్పాలి. పరీక్షలు దగ్గరపడితే డ్రాయింగ్, పీటీ పీరియడ్లు లెక్కలకీ సైన్సుకీ ఇచ్చేయడం మా బళ్ళో మామూలు. ఏళ్ళ తరబడి నేనూ ఇచ్చేశాను, ఇవ్వనన్నది రెండేసార్లు. టైమ్‌టేబుల్లో మాత్రం అవి చెక్కుచెదరకుండా ఉండేవి. కాబట్టి తల్లిదండ్రులకి స్కూలు వాళ్ళు టైమ్‌టేబుల్ చూపిస్తే అంత సంబరపడొద్దు. పరీక్షల నెలలో పిల్లల డ్రాయింగు పుస్తకం తెరిచి తేదీలు చూడండి.

ఇక క్లాస్ టీచరు సంగతి. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఒక సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ మొదలుపెట్టిన వాల్డార్ఫ్ బడిలో ఒకే టీచరు ఒక తరగతిని ఎనిమిదేళ్ళు వెంటబెట్టుకుని నడిపించే పద్ధతి పెట్టారు. ఆ బళ్ళ సిద్ధాంతాలు చాలా వరకు నాకు మింగుడుపడవు. ఎనిమిదేళ్ళు కూడా ఎక్కువే, టీచరుకీ పిల్లలకీ పడకపోతే అది శిక్ష. కానీ మా దగ్గర జరుగుతున్నది దానికి పూర్తిగా తిరగేసి. ఏడాదికోసారి టీచరు మారుతుంది, జీతం చాలక మధ్యలోనే వెళ్ళిపోయేవాళ్ళు సరేసరి. తెర తాడు పట్టుకున్న అబ్బాయిని నేను తెలుసుకోవడానికి రెండేళ్ళు పట్టింది, అదీ అనుకోకుండా. మార్చిలో వచ్చి ఏప్రిల్లో వెళ్ళే మనిషికి ఏం తెలుస్తుంది? ఈతకొలను కట్టిన డబ్బు టీచర్లని నిలుపుకోవడానికి పెడితే బ్రోచర్లో ఫొటో రాదు, నాకు తెలుసు.

మీకు నా విన్నపం ఇది. వచ్చే ఏడు ఈ పేజీలు వేసేటప్పుడు విలేకరి చేత నాలుగు మాటలు అడిగించండి. ఆఖరి బస్సు ఎన్నింటికి బయల్దేరుతుంది, ఆలస్యంగా వెళ్ళేది ఇంకొకటి ఉందా? ఒక్కో క్లాస్ టీచరు కింద ఎంతమంది పిల్లలు, ఆ టీచరు అక్కడ ఎన్నేళ్ళుగా ఉంటున్నారు? మధ్యలో చేరిన కొత్త పిల్ల మొదటివారం ఎవరి పక్కన కూర్చుని అన్నం తింటుంది, అది చూసే మనిషి ఎవరు? ప్రిన్సిపాళ్ళు చాలా బాగా జవాబు చెబుతారు. కాబట్టి గేటు దగ్గర వాచ్‌మన్‌ని, బస్సు డ్రైవర్‌ని కూడా ఒక మాట అడగమనండి. సాయంత్రం ఎవరు నవ్వుతూ బస్సెక్కుతున్నారో, ఎవరు రోజూ ఒక్కళ్ళే కిటికీ పక్కన కూర్చుంటున్నారో వాళ్ళకి తెలిసినంత మాకు తెలియదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్