ముందు లోపలి ఫొటో పంపు

కన్నా,

నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి మరీ చూశాను. నీ బొమ్మ రైలు పట్టాల పక్కన పెట్టే గూడ్స్ షెడ్‌కి ముందు గోడ చక్కగా కుదిరింది. ఎడమ మూల మాత్రం కింద కలిసి, పైకి వెళ్లేకొద్దీ సన్నగా విచ్చుకుంది. పుట్టీతో పూడ్చి రంగు వేసేస్తానని రాశావు. వద్దు నాన్నా. గోడ నిటారుగా నిలబడలేదు కాబట్టే ఆ చీలిక వచ్చింది. ఇప్పుడు పూడిస్తే పైకప్పు పెట్టే రోజున ఆ తేడా ఇంకో మూలలో బయటపడుతుంది. నీది హెచ్‌ఓ స్కేలు, అంటే బొమ్మ అసలు దానిలో 87వ వంతు ఉంటుంది. అర మిల్లీమీటరు చీలిక అసలు షెడ్‌లో నాలుగు సెంటీమీటర్ల పైనే.

నా మొదటి షెడ్ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. అది పల్చటి చెక్క కిట్. ఆత్రం కొద్దీ బయటి వైపు మాత్రమే నీళ్లలో కలిపే రంగు వేశాను. తెల్లారేసరికి పొడుగు గోడ విల్లులా వంగింది. ఒక పక్కే తడి పీలిస్తే చెక్క అలాగే వంగుతుంది. దాన్నే బలవంతంగా నొక్కి అతికించాను. కొన్ని నెలలు బాగానే ఉంది. ఒకరోజు వెనక పట్టాలు తుడుద్దామని షెడ్ ఎత్తితే గోడ ఊడి చేతిలోకి వచ్చేసింది. ఏడుపొచ్చింది. లోపల చూస్తే ఆ గోడను పట్టుకుని ఉండే పట్టీ ఒక్కటీ లేదు! అప్పటినుంచి చెక్క కిట్ ఏదైనా సరే, ముందు లోపలి పట్టీలు, తర్వాతే రంగు, అదీ రెండు వైపులా.

నీది ప్లాస్టిక్ కాబట్టి తడికి వంగే భయం లేదు. కానీ నువ్వు వాడే పల్చటి జిగురు గురించి ఒక మాట తెలుసుకో. అది రెండు అంచులనూ కాస్త కరిగించి ఒకటిగా కలిపి, తాను ఆవిరైపోతుంది. అంచులు నిండుగా తాకితేనే ఆ పట్టు వస్తుంది. నీ కిట్‌లో మూల అంచులు 45 డిగ్రీల ఏటవాలుగా ఉన్నాయి కదా, ఆ ఏటవాలు లోపలి కొసన వెంట్రుకంత ప్లాస్టిక్ మిగిలినా బయట మూల మూసుకోదు. నీకు జరిగింది అదేనని నా అనుమానం. అతికించి మూడు రోజులే అయిందన్నావు కాబట్టి, లోపలి వైపు నుంచి అతుకు మీదే పదునైన బ్లేడుతో నెమ్మదిగా చాలాసార్లు గియ్యి, విడిపోతుంది. అంచును ఆకురాయితో ఒకటి రెండుసార్లు రుద్ది, జిగురు లేకుండా కలిపి చూడు.

ఈసారి రెండేసి గోడలు కలిపి ముందు రెండు ‘ఎల్’లు చెయ్యి. మూలమట్టం ఆనించి, లోపలి మూలలో 5 మిల్లీమీటర్ల చదరపు పట్టీ నిలువునా అతికించు. పట్టీ గోడకంటే పైనా కిందా కాస్త పొట్టిగా ఉండాలి, లేకపోతే పైకప్పుకూ అడుగు పలకకూ తగులుతుంది. రాత్రంతా కదపకు. పొద్దున్న రెండు ఎల్‌లనూ కలుపు. షెడ్ పొడుగు 30 సెంటీమీటర్లు కాబట్టి నడుమ అడ్డంగా ఒక పట్టీ కూడా వెయ్యి, పొడుగు గోడలు లోపలికి వాలవు.

జిగురు బ్రష్‌తో కొంచెమే తీసుకో. వెడల్పాటి పలకల మధ్య ఎక్కువ పోస్తే ఆరే దారి లేక, తర్వాత ఎప్పుడో ప్లాస్టిక్ వంకర తిరుగుతుంది. గది కిటికీ తెరిచి పెట్టుకో, ఆ వాసన మంచిది కాదు. షెడ్ కిటికీ అద్దాలకు మాత్రం తెల్ల జిగురే వాడు. సూపర్ గ్లూ ఆవిరికి అద్దం మసకబారుతుంది.

బల్బు పెడతానన్నావుగా, లోపల నల్లరంగు వేయకపోతే వెలుతురు గోడల్లోంచి బయటికి కనిపిస్తుంది. పైకప్పు అతికించకు, ఊడి వచ్చేలా ఉంచు. బల్బు మార్చాలంటే అదే దారి.

మూల విప్పి మళ్లీ కలిపాక లోపలి వైపు ఫొటో తీసి పంపు. బయటిది తర్వాత చూస్తాను.

ప్రేమతో,
అమ్మ