పిల్లల వాంతులన్నీ ఫుడ్ పాయిజనేనా?

సంపాదకులకు నమస్కారం.

వాంతులు, బేదులు తెచ్చే నోరో వైరస్‌లో చాలా రకాలను గుర్తుపట్టే యాంటీబాడీల (ఒంట్లో వైరస్‌ను పట్టుకునే ప్రొటీన్ల) గురించి ఈమధ్య చదివాను. అప్పటి నుంచి నాదొకటే ప్రశ్న: ఆ వైరస్ మన వరంగల్‌లో తిరుగుతోందా, తిరిగితే ఏ రకం, ఎవరైనా చూస్తున్నారా?

పోయిన చలికాలంలో మా పాప హాస్టల్‌లో రెండు రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలకు వాంతులు, బేదులు. ఫుడ్ పాయిజన్ అన్నారు, వంటామెను పనిలోంచి తీసేశారు, అంతే. కానీ పాపను ఇంటికి తెచ్చుకున్న మూడో రోజుకు మా అత్తమ్మకు పట్టుకుంది, ఆ తర్వాత నాకు. మేమెవ్వరం ఆ హాస్టల్ అన్నం ముట్టలేదు కదా, మరి మాకెట్లా వచ్చింది? నోరో అయితే సరిగ్గా ఇట్లాగే ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, వంద లోపు వైరస్ కణాలు నోట్లోకి పోయినా చాలు. శానిటైజర్ కూడా దాని మీద సరిగా పనిచేయదు, సబ్బు, నీళ్లతో చేతులు రుద్ది కడగాల్సిందే. ఒక్క పాప మలం శాంపిల్ కూడా ఎవరూ తీసుకోలేదు.

1968లో అమెరికాలోని నార్వాక్ ఊళ్లో, ఒక బడి పిల్లలకు వచ్చిన వాంతుల నుంచే ఈ వైరస్ బయటపడింది. ఇన్నేళ్లయినా అందరికీ వేసే టీకా లేదు, ఎందుకంటే దీనిలో దాదాపు 50 రకాలున్నాయి, పైగా ఎక్కువగా వ్యాపించే రకం కొన్నేళ్లకోసారి పై రూపు మార్చుకుంటుంది. మన ఎనుమాముల మార్కెట్‌లో తేజ, వండర్ హాట్, చపాట అని మిర్చి ఎన్ని రంగుల్లో, ఎన్ని ఆకారాల్లో ఉన్నా తొడిమ లేకుండా కాసే కాయ ఉండదు కదా, ఈ యాంటీబాడీలు కూడా వైరస్‌ను అట్లా, పెద్దగా మారని చోట పట్టుకుంటాయి. 2019లోనే టెక్సాస్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల వాళ్లు, ప్రయోగాత్మక టీకా వేయించుకున్న మనుషుల రక్తంలో ఇట్లాంటివి వెతికి పట్టుకున్నారు. నాకు నిజంగా చాలా సంతోషం అనిపించింది.

అయితే రేపు వీటి ఆధారంగా టీకా వచ్చినా, అది మన పిల్లలకు పనికొస్తుందా అని చెప్పాలంటే ఇక్కడ తిరిగే రకాలు తెలియాలి. దీనికి చేసేది కూడా ఆర్టీపీసీఆర్ పరీక్షే, కరోనా అప్పుడు మన కాకతీయ మెడికల్ కాలేజీలో రోజూ చేసిందే. ఒకే హాస్టల్‌లో పది మంది పిల్లలకు ఒకేసారి వాంతులైతే, అన్నం, కూర శాంపిళ్లతో పాటు పిల్లల మలం కూడా నోరో పరీక్షకు పంపాలని జిల్లా వైద్యాధికారులు ఆర్డర్ ఇవ్వాలి. మీ పత్రిక కూడా ప్రతిసారీ 'ఫుడ్ పాయిజన్' అని హెడ్డింగ్ పెట్టే ముందు, పరీక్ష చేశారా అని ఒక్క మాట అడగండి.

ఆ వంటామెను మళ్లీ పిలవలేదు. ఇప్పుడు మిర్చి ఏరే కూలికి పోతోంది.

— ఒక తల్లి, హనుమకొండ