కాలనీ సంఘం 2025–26 వార్షిక నివేదిక: అరువు కొట్టుకి, నగదు మాల్‌కి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పార్కు గోడకి రంగులేయించాం, రెండో వీధి కాలువలో పూడిక తీయించాం, పాడైన సీసీ కెమెరాలు బాగుచేయించాం. జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం. కార్యవర్గం సమయమంతా తినేసిన పని మాత్రం ఒకటే: కాలనీలో చిన్న కొట్లు మూతపడకుండా చూడటం. నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందుగా మా పొరపాటు చెప్పాలి. ఏప్రిల్‌లో 'మన వీధి కొట్టులోనే కొందాం' అని ఫ్లెక్సీ కట్టాం. అందరూ బాగుందన్నారు. ఆ ఆదివారం కార్లన్నీ ఎప్పట్లాగే సూపర్ మార్కెట్‌కి వెళ్లాయి. నా బండీ వెళ్లింది, దాచడం ఎందుకు. సోమవారం పొద్దున్నే మలుపు దగ్గర కిరాణా కొట్టుకి వెళ్లాను. కొట్టాయన కొత్తిమీర కట్ట చేతిలో పెడుతూ, "ఏటి మాస్టారూ, కొత్తిమీరకి నేను, కందిపప్పుకి వాళ్లా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

మర్నాడు కోశాధికారి గారూ నేనూ ఆయన దగ్గర కూర్చుని వ్యాపారం సంగతి అడిగాం. సబ్బులు, బిస్కెట్లు, షాంపూల ధర కంపెనీయే అచ్చేసి పంపుతుంది, వాటి మీద కొట్టుకి మిగిలేది అంతంతమాత్రం. పెద్ద స్టోర్లు ఒకేసారి లారీలకొద్దీ కొంటాయి కాబట్టి తగ్గింపులివ్వగలవు. చిన్న కొట్టు బతికేది విడి సరుకు మీద, అంటే పప్పులు, చింతపండు, ఎండుమిర్చి, బెల్లం. నెల మొదట్లో మనం బయటి నుంచి సంచులతో తెచ్చుకునేది సరిగ్గా అవే.

తర్వాత పద్దు పుస్తకం తీశాడు. దారంతో కుట్టిన పొడుగాటి పుస్తకం, ఇంటికో పేజీ. పేర్లు తక్కువ. 'మేడ మీద టీచరమ్మ', 'తెల్ల కారు', 'కుక్క ఉన్న ఇల్లు'. నా పేజీలో రెండు నెలల బాకీ ఉంది. చిల్లర సరుకుకి, అరువుకి ఈయన, నగదుకి మాల్. ఈ పద్ధతిలో ఎవరి కొట్టైనా ఎన్నాళ్లు నిలుస్తుంది? ఫ్లెక్సీ ఆ వారమే విప్పేశాం.

జూన్‌లో పెట్టుకున్న నియమం చిన్నదే. అరువు ఎవరిదైనా నెలలో పదో తేదీలోపు తీర్చాలి. ఫోన్‌లో క్షణాల్లో డబ్బు పంపే రోజుల్లో ఇది కష్టం కాదు. సంఘం తరఫున కొనేవి, వినాయక చవితి ప్రసాదాల సామాను నుంచి కార్తీక వనభోజనాల బియ్యం దాకా, కాలనీలోనే నగదిచ్చి కొన్నాం. చేతిలో డబ్బు ఆడేసరికి రెండు కొట్లవాళ్లు కలిసి ఒకే ఆటోలో విశాఖ పూర్ణా మార్కెట్ నుంచి పప్పులు, బియ్యం తెచ్చుకోవడం మొదలుపెట్టారు. కందిపప్పు ధరలో తేడా కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు, పోతుందని మేం చెప్పం కూడా.

సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గినప్పుడు పెద్ద గొడవే అయింది. టూత్‌పేస్టు, సబ్బులు, బిస్కెట్ల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చింది. ఆ సాయంత్రమే మనవాళ్లు కొట్టు ముందు నిలబడి, "టీవీలో తగ్గిందన్నారు, ఇతను తగ్గించడం లేదు" అని వాదనకి దిగారు. ఆయనేమో పాత పన్ను కట్టి కొన్న సరుకు అంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. సరుకు పంపే ఏజెన్సీ వాళ్లు తేడా సర్దేదాకా ఆయనకి నిద్రలేదు, మాకు టెన్షన్. కొత్త ధరల కాగితం గోడకి అతికించాకే అందరూ శాంతించారు.

అక్టోబరు నెలాఖరులో మొంథా తుఫాను వచ్చింది. 28వ తేదీన వానకి బయట అడుగు పెట్టలేకపోయాం. పది నిమిషాల్లో తెస్తామనే యాప్‌లలో ఆర్డరే పడలేదు. కొట్టాయన షట్టరు సగం ఎత్తి, టార్చిలైటు వెలుగులో పాలు, కొవ్వొత్తులు ఇచ్చాడు. పాతవాళ్లకి 2014 అక్టోబరు 12 గుర్తొచ్చింది. హుద్‌హుద్ తుఫాను అప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు. డబ్బు చూపించకుండా సరుకు దొరికింది పద్దు పుస్తకం ఉన్నచోటే. అప్పుడు పాల ప్యాకెట్‌ని రెట్టింపు ధరకి అమ్మినవాళ్లూ మన మధ్యే ఉన్నారు, అదీ రాసుకోవాలి.

మూడో వీధిలో ఆవకాయ, గోంగూర పెట్టి అమ్మే అమ్మగారికి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించాం. మేం చేయించినప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారానికి రుసుము ఏడాదికి 100 రూపాయలే ఉండేది. ఆమె ఇన్నాళ్లూ వేలల్లో అవుతుందని భయపడ్డారు. తోపుడు బండ్లవాళ్లలో ఇద్దరితో పీఎం స్వనిధికి, అంటే వీధి వ్యాపారులకి అప్పిప్పించే కేంద్ర పథకానికి, దరఖాస్తులు పెట్టించాం. మొదటి విడత అప్పు ఇప్పుడు 15,000 రూపాయలు. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చినా, గుర్తింపు కార్డు అడిగితే వాళ్లు భయపడి బండి తోసుకుపోతున్నారు. ఈ పని నెమ్మదిగానే నడుస్తుంది.

అన్నీ నిలవలేదు. ఫ్యాన్సీ కొట్టు డిసెంబరులో మూసేశారు. గాజులు, రిబ్బన్లు కూడా ఫోన్‌లోనే కొంటున్నాం మరి. ఉగాదిలోపు పాత బాకీలన్నీ తీర్చాలనుకున్నాం. మార్చి 19 నాటికి కొన్ని పేజీలు ఇంకా మిగిలాయి. పేర్లు చదవం. నాది మాత్రం తీర్చేశాను.

ఇక సభ్యులు తేల్చాల్సింది ఒకటుంది. ఫ్యాన్సీ కొట్టు ఉన్న గది సంఘానిదే. దాన్ని గోడౌన్‌గా ఇమ్మని ఒక డెలివరీ కంపెనీ అడుగుతోంది, పాత అద్దెకంటే ఎక్కువే ఇస్తామంటోంది. ఇస్త్రీ బండాయన పాత అద్దెకే అడుగుతున్నాడు, అదీ రెండు నెలల అడ్వాన్సుతో. పార్కు దీపాలకి డబ్బు కావాలన్నది కోశాధికారి గారి వాదన. నాది వేరు. కార్యవర్గంలో కుదరలేదు కాబట్టి సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ పెడుతున్నాం. తప్పక రండి. టీ, పకోడీలు మలుపు దగ్గర బండాయన పంపుతాడు, డబ్బు ముందే ఇచ్చేశాం.

– కార్యదర్శి