నిద్ర కరువైన నడివయసు మహిళల తరఫున ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇదే విషయమై మీ కార్యాలయానికి మూడుసార్లు రాశాను. జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురి ముందు రాస్తున్నాను.

నాకు 48 ఏళ్లు. రెండేళ్లుగా అర్ధరాత్రి దాటాక ఒళ్లంతా చెమటతో తడిసి మెలకువ వస్తోంది. ఇక తెల్లవారేదాకా కన్ను మూతపడదు. పగలు ఉద్యోగంలో తప్పులు, ఇంట్లో చిరాకు. పిల్లలు నాతో మాట్లాడటానికే జంకుతున్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్తే, "ఈ వయసులో మామూలేనమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని నిద్రమాత్ర రాసిచ్చారు. మామూలే కావచ్చు, కానీ దీనికి వైద్యం ఉంది.

నెలసరి పూర్తిగా ఆగిపోవడానికి (మెనోపాజ్‌కు) ముందు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు హెచ్చుతగ్గులయ్యే ఈ దశ చాలామందికి నలభైల్లోనే మొదలై ఏళ్ల తరబడి సాగుతుంది. వేడి ఆవిర్లు, ఆందోళన నిద్రను చెడగొడతాయి. మెనోపాజ్ తర్వాత, గురకతో పాటు నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే స్లీప్ అప్నియా ముప్పు కూడా పెరుగుతుంది. గురక సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడి, నీరసమేలే అని సరిపెట్టుకునే ఆడవాళ్లను నేనే ఎందరినో చూశాను. దీర్ఘకాలిక నిద్రలేమికి ముందుగా ఇవ్వాల్సింది మాత్ర కాదు, నిద్రను చెడగొట్టే ఆలోచనలను, అలవాట్లను మార్చే సీబీటీ-ఐ అనే ప్రవర్తనా చికిత్స. తగినవారికి హార్మోన్ చికిత్స కూడా ఉంది. ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు.

ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చే 40 దాటిన ప్రతి మహిళనూ "నిద్ర సరిగా పడుతోందా?" అని అడగడం తప్పనిసరి చేయండి. సిబ్బందికి శిక్షణ, సీబీటీ-ఐ కౌన్సెలింగ్, అప్నియా పరీక్ష అందేలా ఉత్తర్వు ఇవ్వండి. అది ఎప్పటిలోగా జరుగుతుందో రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తున్న ఒక మహిళ